పనికి ప్రాణం పోసేది ఏది? బర్నబీ నగరం నేర్పిన పాఠం

పరదేశంలో తెలుగువారు ఇద్దరు కొత్తగా కలుసుకున్నప్పుడు ఊరి పేరు, ఇంటి పేరు అయిన తరువాత వచ్చే మూడవ ప్రశ్న ఒకటే: "ఎక్కడ పనిచేస్తున్నారండీ?" సంస్థ పేరు చెప్పగానే ఎదుటివారు తృప్తిగా తల పంకిస్తారు. సంభాషణ ఇళ్ళ ధరల మీదకో, పిల్లల చదువుల మీదకో మళ్ళుతుంది. "ఆ పని ఎవరి కోసం, దేని కోసం చేస్తున్నారు?" అని ఎవరూ అడగరు. అడిగినా చాలామంది దగ్గర సిద్ధంగా సమాధానం ఉండదు.

మన భాషలో 'ఉద్యోగం' అనే మాటకు మొదటి అర్థం జీతం ఇచ్చే కొలువు కాదు, పూనిక, ప్రయత్నం. మహాభారతంలో ఉద్యోగపర్వం ఉన్నది కాని అందులో నెల జీతగాళ్ళెవరూ కనిపించరు. 'ఉద్యోగం పురుషలక్షణం' అన్న లోకోక్తి కూడా మొదట పూనికను గురించి చెప్పినదే. కాలక్రమంలో పూనిక జారిపోయి, కొలువు మిగిలింది. ఈ మార్పు నిఘంటువుకు సంబంధించిన విషయం మాత్రమే కాదు. రోజుకు 8 గంటలు, వారానికి 5 రోజులు, ఏడాదికి 48 వారాల చొప్పున 35 ఏళ్ళు పనిచేసే మనిషి తన జీవితంలో 67,000 గంటలకు పైగా పనికి అర్పిస్తాడు. అన్ని గంటలు ఒక అర్థంతో గడిచాయా, కేవలం గడిచిపోయాయా అన్నది చిన్న ప్రశ్న కాదు.

ఈ ప్రశ్నను గత అర్ధశతాబ్దంగా మనస్తత్వ శాస్త్రజ్ఞులు ప్రయోగాలతో, కొలతలతో పరిశీలిస్తున్నారు. వారు కనుగొన్న సూత్రాలు ఒక నిజమైన కర్మాగారంలో ఎలా పనిచేశాయో, ఎక్కడ ఆగిపోయాయో తెలుసుకోవాలంటే కెనడా పశ్చిమ తీరాన, వాంకూవర్‌కు ఆనుకొని ఉన్న బర్నబీ నగరం మంచి ఉదాహరణ.

ప్రయోగశాలలో పని

1997లో అమెరికన్ పరిశోధకురాలు ఏమీ రెజ్నెస్కీ, ఆమె సహచరులు వివిధ వృత్తులలో ఉన్న 196 మందిని ప్రశ్నించి, మనుషులు తమ పనిని మూడు విధాలుగా చూస్తారని తెలిపారు. కొందరికి పని బతుకుతెరువు మాత్రమే. వారి జీవితం సాయంత్రం అయిదు తరువాత మొదలవుతుంది. కొందరికి అది మెట్లెక్కే సోపానం. వారి దృష్టి ఎప్పుడూ పై పదవి మీద ఉంటుంది. మరికొందరికి పని తమకోసమే పుట్టిన ధర్మంలా తోస్తుంది. జీతం రాకున్నా దానిని విడువలేరు. ఈ మూడు దృక్పథాలు మూడు వేర్వేరు వృత్తులకు చెందినవి కావన్నది ఆ పరిశోధనలోని విశేషం. ఒకే హోదాలో, ఒకే రకమైన పనిచేసే కార్యాలయ సహాయకులలో కూడా మూడు రకాలవారూ ఇంచుమించు సమానంగా కనిపించారు. అంటే అర్థం పని పేరులో లేదు. పనికీ మనిషికీ నడుమ ఏర్పడే సంబంధంలో ఉన్నది.

ఆ సంబంధం ఎంత సున్నితమైనదో 2008లో డాన్ ఏరియలీ, ఎమిర్ కామెనికా, డ్రాజెన్ ప్రెలెక్ ప్రచురించిన ఒక ప్రయోగం చెబుతుంది. విద్యార్థులకు పిల్లల ఆటవస్తువులైన లెగో ముక్కలిచ్చి బొమ్మలు కూర్చమన్నారు. మొదటి బొమ్మకు రెండు డాలర్లు. ఆ తరువాతి ఒక్కొక్క దానికి 11 సెంట్ల చొప్పున తగ్గుతూ పోతుంది. ఇష్టమున్నంతసేపు చేయవచ్చు, విసుగు పుట్టినప్పుడు మానవచ్చు. ఒక బృందం కూర్చిన బొమ్మలను వారి ఎదుటే బల్లపై వరుసగా నిలబెట్టారు. రెండవ బృందం వారు ఒక బొమ్మను కూరుస్తూ ఉండగానే, అంతకు ముందు చేసిన దానిని వారి కళ్ళ ముందే విడదీశారు. కూలి ఒకటే, పని ఒకటే. కాని మొదటి బృందం సగటున 10.6 బొమ్మలు చేస్తే రెండవ బృందం 7.2తో ఆపివేసింది. ఎవరూ వారిని తిట్టలేదు, జీతం కోయలేదు. చేసినది నిలవడంలేదని తెలియడమే చేతులను ఆపింది.

ఇళ్ళలో కూడా ఇటువంటి అనుభవం ఉన్నదే. నెల రోజులు రాత్రింబవళ్ళు శ్రమించి తయారుచేసిన నివేదికను పైఅధికారి తెరవకుండానే పక్కన పడేస్తే, ఆ మర్నాడు కార్యాలయానికి బయలుదేరే కాళ్ళు బరువెక్కుతాయి. ఆ బరువుకు కారణం సోమరితనం కాదని ఈ ప్రయోగం నిరూపిస్తున్నది.

ఇంతకు చాలా ముందే, 1970లలో, రిచర్డ్ హాక్‌మన్, గ్రెగ్ ఓల్డమ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు పనికి ఉండవలసిన అయిదు లక్షణాలను గుర్తించారు. ఒకటి, చేతికీ బుద్ధికీ వివిధ నైపుణ్యాలను ఉపయోగించే అవకాశం. రెండు, పనిలో ఒక తునకను కాక మొదటినుండి చివరివరకు ఒక పూర్ణరూపాన్ని చూడగలగడం. మూడు, ఆ పని ఇతరుల జీవితాలకు ఏదో ఒక విధంగా అక్కరకు రావడం. నాలుగు, ఎలా చేయాలో తానే నిర్ణయించుకొనే స్వేచ్ఛ. అయిదు, ఫలితం ఎలా వచ్చిందో పని ద్వారానే తెలియడం. మొదటి మూడు లక్షణాలు పనికి అర్థాన్ని ఇస్తాయి. నాలుగవది బాధ్యతను, అయిదవది ఎరుకను కలిగిస్తాయి.

ఈ అయిదింటిలో ఉపన్యాసం లేదు, గోడ మీద అంటించే నినాదం లేదు, సంవత్సరాంతపు విందు లేదు. అన్నీ పనిని అమర్చే తీరుకు సంబంధించినవే. కనుక నాయకుని బాధ్యత మాటలకన్నా ముందు పని అమరికలో మొదలవుతుంది. ఈ సంగతి బర్నబీలోని ఒక సంస్థ చరిత్రలో స్పష్టంగా కనిపిస్తుంది.

గిల్మోర్ వీధిలోని క్రియో

2021 జనాభా లెక్కల ప్రకారం రెండున్నర లక్షల మంది నివసించే బర్నబీలో, కొండ శిఖరం మీద 1965లో వెలసిన సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయం ఉన్నది. కొండ దిగువన, నగరానికి పశ్చిమ భాగంలో, బ్రిటిష్ కొలంబియా సాంకేతిక విద్యాసంస్థ ఉన్నది. ఆ విద్యాసంస్థ సమీపాన, గిల్మోర్ వే అనే వీధిలో, క్రియో అనే సంస్థ ఉండేది. లాటిన్ భాషలో ఆ మాటకు 'సృష్టిస్తున్నాను' అని అర్థం. 1980ల పూర్వార్ధంలో దీనిని స్థాపించినవారు డాన్ గెల్బార్ట్, కెన్ స్పెన్సర్ అనే ఇద్దరు ఇంజనీర్లు. ఇద్దరూ అంతకు ముందు రిచ్‌మండ్‌లోని మెక్‌డొనాల్డ్ డెట్‌విలర్ సంస్థలో పనిచేసినవారే. గెల్బార్ట్ ఇజ్రాయెల్ నుండి కెనడాకు వలస వచ్చిన వ్యక్తి. తన చేతులతో యంత్రాలను నిర్మించడంలో సిద్ధహస్తుడు.

క్రియో మొదట చేపట్టినది కాంతితో సమాచారాన్ని లిఖించే టేపు యంత్రం. ఉపగ్రహాలు పంపే చిత్రాలవంటి విస్తారమైన సమాచారాన్ని భద్రపరచేందుకు, ఒక్క చుట్టలో ఒక టెరాబైట్ పట్టే యంత్రాన్ని వారు నిర్మించారు. గృహ కంప్యూటర్లలో కొన్ని పదుల మెగాబైట్లు ఉండడమే గొప్ప అనుకొనే రోజులవి. యంత్రం అద్భుతమైనదే కాని దానిని కొనగలిగినవారు తక్కువ. లేసరు కాంతిని అతి సూక్ష్మంగా నడిపించే ఆ నైపుణ్యాన్ని సంస్థ 1990లలో ముద్రణ రంగంవైపు మళ్ళించింది.

అంతవరకు అచ్చు పని ఇలా సాగేది: పుటను ముందు ఫిల్ముగా తీసి, ఆ ఫిల్మును అల్యూమినియం పలక మీద పరచి, అతినీలలోహిత కాంతి ప్రసరింపజేసి, రసాయనాలతో కడిగితే అచ్చు పలక తయారయ్యేది. ప్రతి అంచెలోనూ కాలహరణం, ఫిల్ము ఖర్చు, దుమ్ము మచ్చలు. క్రియో యంత్రంలో కంప్యూటరులోని పుట నేరుగా పలక మీదికి వెళుతుంది. 830 నానోమీటర్ల పరారుణ లేసరు కాంతిని అనేక సన్నని కిరణాలుగా చీల్చి, ఒక్కొక్క కిరణాన్ని విడివిడిగా వెలిగిస్తూ ఆర్పుతూ, వేడితో పలకపై బొమ్మను లిఖిస్తారు. వేడి ఒక హద్దు దాటితేనే పలక మారుతుంది, దాటకపోతే మారదు. కనుక చుక్కల అంచులు పదునుగా వస్తాయి. 1990ల చివరినాటికి ఈ పద్ధతి ప్రపంచ ముద్రణ రంగాన్ని మార్చివేసింది. 1999లో సంస్థ వాటాలు నాస్‌డాక్ విపణిలోకి వచ్చాయి. 2000లో ఇజ్రాయెల్‌లోని సైటెక్స్ సంస్థ ముద్రణ విభాగాన్ని క్రియో తనలో కలుపుకొన్నది.

ఇటువంటి యంత్రంలో కాంతిశాస్త్రం, యంత్రనిర్మాణం, ఎలక్ట్రానిక్స్, సాఫ్ట్‌వేర్ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. కటకం అమర్చేవాని నిర్ణయం సాఫ్ట్‌వేర్ వ్రాసేవాని పనిని మారుస్తుంది. ఎవరి గదిలో వారు కూర్చొని, పైవాని ఆజ్ఞ కోసం ఎదురుచూస్తే యంత్రం తయారు కాదు. క్రియో పని సంస్కృతికి ఈ సాంకేతిక అవసరమే పునాది.

ప్రతి ఒక్కరూ అధ్యక్షుడే

1990ల మధ్యనుండి ఏమోస్ మైకెల్సన్ నాయకత్వంలో క్రియో అనుసరించిన విధానం వ్యాపార విద్యాలయాల దృష్టిని ఆకర్షించింది. దాని సారాంశం మూడు మాటలలో చెప్పవచ్చు.

మొదటిది, నిర్ణయాధికారం పని ఎక్కడ జరుగుతుందో అక్కడే ఉండాలి. ఒక సమస్యను గురించి ఎక్కువ తెలిసినవాడు, పదవిలో ఎంత చిన్నవాడైనా, ఆ విషయంలో నిర్ణేత కావాలి. ప్రతి ఉద్యోగీ తానే ఆ విభాగానికి అధ్యక్షుణ్ణి అన్నట్లుగా ఆలోచించాలి.

రెండవది, అధికారం ఇచ్చి వదిలేస్తే అరాచకం అవుతుంది. కనుక నిర్ణయించే విధానాన్ని అందరికీ నేర్పాలి. క్రియోలో దీనిని ఆర్థిక ఆలోచన అని పిలిచేవారు. ఖర్చును, రాబడిని మాత్రమే కాక, ఆ నిర్ణయం కొనుగోలుదారుల మీద, సహోద్యోగుల మీద, వాటాదారుల మీద, దూరకాలంలో సంస్థ మీద చూపే ప్రభావాన్ని కూడా తూకం వేసే పద్ధతి అది. కొత్తగా చేరినవారికి దీనిలో శిక్షణ ఉండేది. ప్రమేయం ఉన్నవారందరినీ సంప్రదించి, ఏకాభిప్రాయం సాధించి ముందుకు సాగాలన్నది నియమం.

మూడవది, ఫలంలో భాగం. ఉద్యోగులకు సంస్థలో వాటాలు ఉండేవి. పనితీరు మదింపులో పైఅధికారి మాట ఒక్కటే కాక, పక్కన పనిచేసే సహచరుల అభిప్రాయానికి పెద్ద స్థానం ఉండేది.

హాక్‌మన్, ఓల్డమ్ చెప్పిన లక్షణాలను ఈ పద్ధతితో పోల్చి చూస్తే పోలిక సులభంగా తెలుస్తుంది. ఇక్కడ ఇంజనీరు తునకను కాదు, యంత్రాన్ని మొత్తంగా చూస్తాడు, తానే నిర్ణయిస్తాడు, ఫలితాన్ని తోటివారినుండే తెలుసుకొంటాడు. ఇందులో నాయకుడు అర్థాన్ని పంచిపెట్టలేదు. అర్థం దొరికే చోటికి అడ్డుగా ఉన్న గోడలను తీసివేశాడు. ఈ రెండింటికీ నడుమ ఉన్న భేదమే ఈ విషయానికంతటికీ కీలకం.

వలస వచ్చినవారికి ఈ భేదం మరింత బాగా తెలుస్తుంది. 1967లో కెనడా ప్రభుత్వం అర్హతలకు మార్కులిచ్చే వలస విధానాన్ని ప్రవేశపెట్టిన తరువాత ఎందరో విద్యావంతులైన ఆసియావాసులు ఈ దేశానికి వచ్చారు. పట్టాలు పెద్దవి, దొరికిన పని తరచు చిన్నది. స్వదేశంలో వంతెనలు కట్టిన ఇంజనీరు ఇక్కడ ఒకరి పటాలను దిద్దుతూ ఏళ్ళు గడపవలసిరావడం అరుదైన కథ కాదు. అటువంటివానికి జీతం పెంచడంకన్నా ముందు, "ఈ సమస్యకు మీరేమంటారు?" అని ఒక్క మాట అడగడం ఎక్కువ బలాన్నిస్తుంది. ఆ ప్రశ్న అతని చదువును, అనుభవాన్ని, చివరకు అతని ఉనికిని గుర్తిస్తుంది.

ఎవరికి ఉపయోగపడుతున్నది?

అయితే స్వేచ్ఛ, పూర్ణరూపం ఉంటే చాలునా? పని ఎవరికి చేరుతున్నదో తెలియనక్కరలేదా? ఈ ప్రశ్నకు ఆడం గ్రాంట్, ఆయన సహచరులు 2007లో ప్రచురించిన అధ్యయనం సమాధానమిచ్చింది. ఒక అమెరికన్ విశ్వవిద్యాలయంలో కొందరు యువకులు టెలిఫోను ద్వారా పూర్వవిద్యార్థులనుండి విరాళాలు అర్థించే పనిచేసేవారు. రోజంతా తిరస్కారాలు వినే పని అది. వారిలో ఒక బృందానికి, ఆ విరాళాల వల్ల ఉపకారవేతనం పొంది చదువుకుంటున్న ఒక విద్యార్థితో కొద్ది నిమిషాలు మాట్లాడే అవకాశం కల్పించారు. నెల తరువాత చూస్తే ఆ బృందం ఫోనుపై గడిపే సమయం 142 శాతం, సేకరించే ధనం 171 శాతం పెరిగాయి. ఆ విద్యార్థిని చూడని బృందాలలో అటువంటి మార్పు రాలేదు. వారికి కొత్త పద్ధతులు నేర్పలేదు, బహుమతులు ప్రకటించలేదు. తమ పని ఫలాన్ని ఒక మనిషి ముఖంలో చూపించారు, అంతే.

ఫలాన్ని ఆశించకుండా పనిచేయమన్న బోధ మనకు తరతరాలుగా ఉన్నది. ఆ బోధను అడ్డం పెట్టుకొని "చెప్పిన పని చెయ్యి, తక్కినది నీకెందుకు?" అనే యజమానులకు కొదవ లేదు. కాని ఫలాన్ని ఆశించకపోవడం వేరు, ఫలం ఎవరికి చేరిందో తెలియకపోవడం వేరు. మొదటిది సాధకుని వివేకం. రెండవది పనివానికి కట్టిన గంతలు.

ఆ గంతలు కట్టకుండా పనిని అమర్చడం ఎలాగో చూపే ఉదాహరణ తెలుగునాటనే ఉన్నది. అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో నేత్రవైద్యునిగా పనిచేసి స్వదేశానికి తిరిగి వచ్చిన డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థను ప్రారంభించారు. చలనచిత్ర ప్రముఖులు ఎల్.వి. ప్రసాద్ కుటుంబం ఇచ్చిన స్థలం, కోటి రూపాయల విరాళం దానికి ఊతమయ్యాయి. రోగులలో సుమారు సగం మందికి అక్కడ ఉచితంగా చికిత్స జరుగుతుంది.

ఆ సంస్థ నిర్మాణం ఒక పిరమిడ్ వంటిది. శిఖరాన క్లిష్టమైన శస్త్రచికిత్సలు జరిపే ప్రధాన కేంద్రం. దాని కింద బోధనాసుపత్రులు. ఆ కింద సుమారు అయిదు లక్షల జనాభాకు ఒకటి చొప్పున శస్త్రచికిత్సా కేంద్రాలు. వాటి కింద సుమారు 50,000 మందికి ఒక గ్రామీణ దృష్టి కేంద్రం. ఈ దృష్టి కేంద్రాలను నడిపేవారు డాక్టర్లు కారు. పాఠశాల చదువు ముగించిన పల్లెటూరి యువతీ యువకులను ఎంచుకొని, ఒక సంవత్సరం శిక్షణ ఇచ్చి, విజన్ టెక్నీషియన్లుగా తీర్చిదిద్దుతారు. వారు చూపు పరీక్షిస్తారు, కళ్ళద్దాలు ఇస్తారు, శుక్లాలను గుర్తించి పై కేంద్రానికి పంపుతారు.

హాక్‌మన్, ఓల్డమ్ కొలబద్దతో ఈ పనిని కొలిస్తే ఏ ఒక్క లక్షణానికీ లోటు కనిపించదు. పరీక్ష మొదలు కళ్ళద్దాల వరకు పని పూర్ణంగా ఒకరి చేతిలో ఉన్నది. సూదిలో దారం ఎక్కించలేక కుట్టుపని మానుకొన్న అవ్వకు కళ్ళద్దాలు పెట్టిన క్షణంలోనే ఫలితం తెలుస్తుంది. ఆమె మరునాడు అదే వీధిలో ఎదురవుతుంది. "మీ పని గొప్పది" అని ఎవరో వచ్చి ఉపన్యసించవలసిన అవసరం అక్కడ లేదు.

అర్థం వెలితి పడిన చోట

మళ్ళీ బర్నబీకి వద్దాం. క్రియోలో భౌతికశాస్త్రజ్ఞునిగా తొమ్మిదేళ్ళు పనిచేసిన మిషెల్ లాబెర్జ్ బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో ప్లాస్మా భౌతికంలో డాక్టరేటు పొందినవాడు. మంచి సంస్థ, మంచి సహచరులు, చేతినిండా పని, కావలసినంత స్వేచ్ఛ. అయినా నలభయ్యవ ఏట ఆయనకు ఒక ప్రశ్న ఎదురైంది. తాను ఇంత నేర్పుతో మెరుగుపరుస్తున్న యంత్రాలు చివరకు చేస్తున్నదేమిటి? అడవులను నరికి, ఎవరూ చదవని ప్రకటన కాగితాలతో ఇంటింటి తపాలా పెట్టెలను నింపడానికే కదా తోడ్పడుతున్నవి! 2014లో వాంకూవర్‌లో జరిగిన టెడ్ సభలో ఆయన ఈ సంగతిని హాస్యంగానే చెప్పారు కాని నిర్ణయం మాత్రం హాస్యం కాదు. ఉద్యోగం వదిలి, 2002లో జనరల్ ఫ్యూజన్ అనే సంస్థను స్థాపించారు. సూర్యునిలో జరిగే పరమాణు సంలీనాన్ని భూమి మీద సాధించి విద్యుత్తు తీయాలన్నది దాని ఆశయం. ద్రవలోహపు పొర మధ్య ప్లాస్మాను బంధించి, చుట్టూ ఉన్న ముషలకాలతో ఒక్కసారిగా ఆ లోహాన్ని లోనికి నొక్కి, ప్లాస్మాను సంలీన ఉష్ణోగ్రతకు తీసుకుపోవడం వారి మార్గం. చాలా ఏళ్ళు బర్నబీలోనే ఈ కృషి సాగింది. తరువాత ఆ సంస్థ రిచ్‌మండ్‌కు తరలింది. సంలీనంతో విద్యుత్తును విపణికి అందించడం ఏ దేశంలోనూ ఇంకా సాధ్యపడలేదు. అయినా ఆ ప్రశ్న విలువ తగ్గదు.

నాయకులందరూ లాబెర్జ్ కథను జాగ్రత్తగా గమనించాలి. 'ఎలా' చేయాలన్న స్వేచ్ఛను క్రియో ఆయనకు నిండుగా ఇచ్చింది. 'ఎందుకు' అన్న ప్రశ్నకు ఆయన మనసు అంగీకరించే సమాధానం మాత్రం అక్కడ దొరకలేదు. అదే యంత్రం పాఠ్యపుస్తకాలను, వార్తాపత్రికలను, గ్రంథాలను కూడా అచ్చు వేసేదే. తక్కినవారిలో ఎందరికో అది తృప్తినిచ్చి ఉండవచ్చు. అర్థం ఒకరు కొలిచి మరొకరి దోసిట పోయగల వస్తువు కాదు. మంచి నాయకుడు సైతం ఒక పరిధి దాటి ఏమీ చేయలేడు. తనవద్ద లేని అర్థాన్ని వెదుక్కుంటూ పోయేవానికి దారి వదలడం కూడా నాయకత్వంలో భాగమే.

క్రియోకు మరొక పరీక్ష బయటినుండి వచ్చింది. 2004 చివరలో కొందరు వాటాదారులు సంస్థ లాభాలు చాలవంటూ, యాజమాన్యాన్ని మార్చాలని పోరాటం మొదలుపెట్టారు. 2005 జనవరిలో ఈస్ట్‌మన్ కోడక్ సంస్థ సుమారు 98 కోట్ల అమెరికన్ డాలర్లకు క్రియోను కొనడానికి ఒప్పందం చేసుకొన్నది. ఆ ఏడాది మధ్యలో కొనుగోలు పూర్తి అయింది. నాటికి సంస్థలో నాలుగు వేలమందికి పైగా ఉన్నారు. క్రియో అనే పేరు కాలక్రమంలో కనుమరుగయింది. ఉద్యోగులందరూ అధ్యక్షులే అన్న సంస్థలో కూడా చివరి నిర్ణయం పెట్టుబడి పెట్టినవారిదే అయింది. ఈ చేదు నిజాన్ని దాచి, పని సంస్కృతి ఒక్కటే సంస్థను సర్వదా కాపాడుతుందని చెప్పడం న్యాయం కాదు.

అయితే నేర్చుకొన్న అలవాటు మనుషులతో పాటు ప్రయాణిస్తుంది. 2007లో క్రియో పూర్వ ఉద్యోగులు కొందరు కార్డియం అనే సంస్థను నెలకొల్పారు. గెల్బార్ట్, మైకెల్సన్ కూడా అందులో ఉన్నారు. గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే రుగ్మతకు చికిత్స చేసే పరికరాన్ని వారు రూపొందించారు. అచ్చు పలక మీద కాంతిని సూక్ష్మంగా నడిపిన నైపుణ్యం, గుండె లోపలి గోడను సూక్ష్మంగా స్పృశించే పనికి అక్కరకు వచ్చింది.

నాయకుడు చేయకూడనివి

అర్థాన్ని సృష్టించడంలో నాయకుని పాత్ర పరిమితమని చెప్పినంతమాత్రాన అతని బాధ్యత తగ్గదు. 2016లో కేథరిన్ బెయిలీ, ఏడ్రియన్ మాడెన్ అనే బ్రిటిష్ పరిశోధకులు పది వృత్తులకు చెందిన 135 మందిని కలుసుకొని, పని ఎప్పుడు అర్థవంతంగా తోచింది, ఎప్పుడు నిరర్థకమనిపించింది అని అడిగారు. అర్థవంతమైన ఘడియలను తలచుకొన్నప్పుడు తమ పైఅధికారి పేరు చెప్పినవారు దాదాపు లేరు. నిరర్థకమనిపించిన ఘడియలలో మాత్రం పైఅధికారి ప్రవర్తనే ప్రముఖంగా నిలిచింది. చేసిన పనిని గుర్తించకపోవడం, పనివాని విలువలకు విరుద్ధమైన పని చేయించడం, అన్యాయంగా చూడడం, వివేచనను తోసిపుచ్చడం వంటివి వారు చెప్పిన కారణాలు.

ఇది కొంత వింతగా తోచినా, సేద్యం ఎరిగిన జాతికి అర్థమయ్యే సంగతే. రైతు గింజను మొలిపించలేడు. మొలిచే గుణం గింజలోనే ఉన్నది. కాని మొలకను తొక్కివేయడం మాత్రం అతని చేతిలో ఉన్నది. నేల దున్ని, నీరు పెట్టి, కలుపు తీయడం వరకే అతని వంతు.

పనివాడు తన వంతుగా చేయగలిగినదీ ఉన్నది. 2001లో రెజ్నెస్కీ, జేన్ డటన్ ఒక ఆసుపత్రిలో శుభ్రపరిచే పనిచేసే 28 మందితో మాట్లాడారు. జీతం, హోదా ఒకటే అయినా, కొందరు తమది తుడిచే పని మాత్రమే అన్నారు. మరికొందరు రోగులతో నాలుగు మంచి మాటలాడడం, వచ్చిన బంధువులకు దారి చూపడం కూడా తమ పనిలో భాగంగానే భావించారు. స్పృహలేని రోగుల గదిలో గోడ పటాలను మార్చి ఉంచిన ఉద్యోగిని కూడా వారిలో ఉన్నది. ఆ మార్పు రోగికి ఏదైనా మేలు చేయవచ్చునేమో అన్నది ఆమె ఆశ. ఆమెకు ఆ పని ఎవరూ చెప్పలేదు. ఎవరూ వద్దనకపోవడమే అక్కడి పైఅధికారులు చేసిన మేలు.

మన ఇళ్ళకు వర్తించే మాట

ఇరవై, ముప్పై ఏళ్ళ క్రితం గుమాస్తాలుగా, ప్రోగ్రామర్లుగా ఈ దేశాలకు వచ్చిన తెలుగువారిలో ఎందరో ఇప్పుడు పదిమందికి, వందమందికి పైఅధికారులు. తాము అనుభవించిన వెలితిని తమ కింది వారికి కలగనీయకుండా చూసే అవకాశం వారి చేతిలో ఉన్నది. దానికి ఖర్చులేని పద్ధతులు కొన్ని పై పరిశోధనలనుండే తేలుతున్నవి. ఒక పనిని అప్పగించేటప్పుడు అది మొత్తంలో ఎక్కడ ఇముడుతుందో చెప్పడం, పూర్తి అయిన తరువాత దాని ఫలితాన్ని, అది చేరిన మనిషిని చూపడం, తెలిసినవానిని నిర్ణయించనీయడం, పనిని రద్దు చేయవలసి వస్తే కారణాన్ని నిజాయితీగా చెప్పడం. చివరిది కష్టమైనది. లెగో బొమ్మను విడదీయక తప్పకపోవచ్చు. కాని మౌనంగా కళ్ళెదుటే విడదీయనక్కరలేదు.

ఈ మాట కార్యాలయాలకే కాదు, ఇళ్ళకూ వర్తిస్తుంది. పిల్లలకు ఏ చదువు చదవాలో చెప్పే తల్లిదండ్రులు కూడా ఒక విధమైన నాయకులే. ఏ కొలువుకు ఎంత జీతమో ప్రతి విందులోనూ వినే పిల్లలు, తమ తండ్రి పని వల్ల ఎవరి జీవితం ఏ మేరకు సుఖపడిందో, తల్లి ఉద్యోగం ఏ సమస్యను తీరుస్తున్నదో ఒక్కసారైనా విన్నారా? భోజనాల బల్ల దగ్గర ఆ నాలుగు మాటలు చెప్పగలిగితే, పిల్లలకు ఉద్యోగమనే మాటకు పాత అర్థం కూడా తెలుస్తుంది. చెప్పడానికి మాటలు తోచకపోతే, ఆ వెతుకులాట పెద్దలకే మేలు చేస్తుంది.

గిల్మోర్ వీధిలో క్రియో పేరుపలక ఇప్పుడు లేదు. కాని ఈ సంచికవంటి పుస్తకాల వెనుక, ఎక్కడో ఒక ముద్రణాలయంలో, ఫిల్ము అవసరం లేకుండా నేరుగా లేసరు వ్రాసే అచ్చు పలకలు ఉన్నాయి. ఆ పద్ధతికి రూపమిచ్చినవారిలో, కటకాలను అమర్చి, అక్షరపు అంచు పదునుగా వచ్చేవరకు పట్టు విడువని బర్నబీ పనివారు ఉన్నారు. తాము తీర్చిదిద్దిన విద్య ఏనాటికైనా తెలుగు అక్షరాలకు ఉపయోగపడుతుందని వారు ఊహించి ఉండరు. చదివేవారికి ఆ సంగతి తెలియడం కూడా వారి పని ఫలమే.